అలుగు మీద రెండు పలకలు

పక్షులంటే ప్రాణం అని చెప్పుకునేవాళ్ళు కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందరూ ఒకలాంటివాళ్ళు కారు, ఆ సంగతి నాకూ తెలుసు. ఉన్నిటోపీ అమ్మాయి అని ఒకామె ఉండేది, ఆమె సంగతి తరవాత చెప్తాను, అలాంటివాళ్ళు కూడా ఉంటారు. కానీ మంట మనిషిని చూసి వస్తుందా? మెడలో దుర్భిణీ వేలాడుతూ ఎవరైనా ఎదురైతే చాలు, నా చేతిలో గరిట గిన్నెకి కాస్త గట్టిగానే తగులుతుంది.

అప్పట్లో మేం కొండ మీద ఉండేవాళ్ళం. ఆ కొండల్లో రిజర్వాయర్లు మెట్లు కట్టినట్టు ఒకదాని కింద ఒకటి ఉండేవి. అన్నిటికంటే పైన ఉన్నదానికి కాపలా మా ఆయన. కట్ట చివర రాతి గోడల ఇల్లు, ముందొక గది, వెనక వంటిల్లు. వంటింటి తలుపు వెనక మేకుకి తూము తిప్పే ఇనప హ్యాండిలు వేలాడుతుండేది. ఆ హ్యాండిలు ఎవరి తలుపు వెనక ఉంటే ఆ ఇల్లు వాళ్ళది. అది పోతే ఇల్లూ పోయినట్టే.

నీళ్ళు వదలాలన్నా, ఆపాలన్నా, నీళ్ళు పొర్లే అలుగు మీద చెక్క పలకలు పెట్టి మట్టం పెంచాలన్నా కింద ఆఫీసు నుంచి ఫోనులో ఆర్డరు రావాలి. దానికొక పద్ధతి ఉండేది. వచ్చిన ఆర్డరుని విన్నవాడు మాటకి మాట తిరిగి చెప్పాలి. అవతలివాళ్ళు "అవును" అనాలి. ఆ "అవును" వినిపించాకే చెయ్యి కదలాలి. మా ఆయన చెవులు ఏళ్ళతరబడి తూము హోరులో నానినవి. అందుకని ఆయన ఆర్డరు తిరిగి చెబితే గోడకున్న పళ్ళాలు కదిలేవి. కింద ఆఫీసులో అందరూ ఆయన్ని 'మైకు' అనేవాళ్ళు.

"ఫోనుకి డబ్బు దండగ. కిటికీ తీసి అరిస్తే సరిపోతుంది కదా!" అనేదాన్ని నేను.

"కిటికీ 'అవును' అంటుందా?" అనేవాడాయన.

ఆ ఆర్డర్లిచ్చే చిన్న ఇంజనీరు ఎవరనుకున్నారు, మా అల్లుడే. మా అమ్మాయి, అతనూ ఆఫీసు వెనక క్వార్టర్లో కాపురం, ఆఫీసు ఫోను అక్కడ కూడా ఒకటి ఉండేది. మామా అల్లుళ్ళు ఇంటికొస్తే ఒకే పళ్ళెంలో బిస్కెట్లు పంచుకునేవాళ్ళు. ఫోనులో మాత్రం మా ఆయన అల్లుణ్ణి "సార్" అనేవాడు. ఫోను పెట్టేశాక "మన అబ్బాయే" అనేవాడు. నాకు నవ్వాగేది కాదు.

చలి వెళ్తూ వెళ్తూ మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూసే రోజులవి. ఉదయం కట్ట మీద మంచు తెల్లగా పేరుకునేది, మధ్యాహ్నానికి కరిగి చెప్పులకి బురద అంటుకునేది. అప్పుడే పక్షులు వచ్చేవి. పక్షుల వెనకాల పక్షులవాళ్ళు.

వాళ్ళందరిలోకీ ముందు వచ్చేది ఉన్నిటోపీ అమ్మాయి. పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దే ఉద్యోగం. సెలవు దొరికితే మొదటి బస్సుకే కొండెక్కేసేది. చెవులదాకా ఉన్నిటోపీ, భుజాన మూడు కాళ్ళ దుర్భిణీ. వచ్చీ రాగానే నా పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకునేది. మనిషి మంచిది. టీ తాగిన కప్పు తనే కడిగేది. ఆ ఒక్క పనితో మనిషిని తూచేయొచ్చంటాను నేను.

ఆ ఏడు ఒకరోజు ఆ పిల్ల నన్ను కొంగు పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది.

"పిన్నీ, మీకొకటి చూపిస్తా. ఎవ్వరికీ చెప్పకూడదు."

"ఎవరికి చెప్తానమ్మా ఇక్కడ? గొర్రెలకా?"

కట్ట మీద మూడు కాళ్ళూ పాతి, రిజర్వాయరు అవతలి చివరకి గురిపెట్టి, నా తల వంచింది.

"ఏం కనిపిస్తోంది?"

"నా కనురెప్పలు."

"అబ్బా పిన్నీ! కాస్త వెనక్కి."

వెనక్కి జరిగాక గులకరాళ్ళు కనిపించాయి. రాళ్ళు చూపించడానికి ఇంత హడావిడి ఏమిటనుకున్నాను. అంతలో ఒక రాయి కన్నార్పింది! రాయి కాదు, పిడికిలంత పిట్ట. మెడకి నల్లటి పట్టీ, కంటి చుట్టూ పసుపు గీత. అది లేచి నాలుగు అడుగులు పరిగెత్తింది. అది లేచిన చోట ఇంకో నాలుగు రాళ్ళు. అవి గుడ్లు. గూడంటూ ఏమీ లేదు, వట్టి నేల మీద ఒక చిన్న గుంట, అంతే. అంత చలిలో, అంత గాలిలో, ఆ పిడికిలంత ప్రాణం ఒక్కటే వాటిని కాస్తోంది.

"ఇల్లు కూడా కట్టుకోలేదు పిచ్చిది" అన్నాను.

"దానికి అదే ఇల్లు పిన్నీ. రాళ్ళలో రాయిలా ఉంటే ఎవరి కంటా పడదని దాని ధీమా."

"మీ పక్షుల సంఘం ప్రెసిడెంటుగారికి చెప్పావా?"

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. "చెబితే ఆదివారానికల్లా జనాన్నెక్కించి బస్సు వేయిస్తాడు. వద్దు."

ఎవ్వరికీ చెప్పొద్దంది కాబట్టి నేను మా ఆయన ఒక్కడికే చెప్పాను. మొగుడు లెక్కలోకి రాడు కదా.

ఇక ఆ ప్రెసిడెంటు సంగతి. ఊళ్ళో పళ్ళ డాక్టరు. పక్షుల సంఘానికి పెద్ద. మనిషి మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. నేను అతని ముందు నవ్వడం మానేశాను. ఏటా వసంతం మొదట్లో వాళ్ళొక రోజు పెట్టుకునేవాళ్ళు. ఊరంతా పక్షుల్ని చూడడానికి కొండెక్కే రోజు. దానికోసమే ఇవతలి ఒడ్డున చెక్కలతో ఒక గది కట్టించారు, గోడకి సన్నటి సందులు పెట్టి. లోపల కూర్చుంటే మనం పక్షులకి కనబడమట.

ఆ ఏడు నీళ్ళు తక్కువ. చెక్కగది ముందు బురద, బురద అవతల నీళ్ళు, నీళ్ళలో ఎక్కడో చుక్కల్లా బాతులు. డాక్టరు వచ్చి సందులోంచి చూశాడు, బయటికొచ్చి చూశాడు, మా ఆయన్ని పిలిచాడు.

"ఇంత దూరమేంటయ్యా పక్షులు? పెద్ద ఇంజనీరుగారు వస్తున్నారు, పేపరువాళ్ళు వస్తున్నారు. ఏం చూపించాలి, బురదా?"

"పిలిస్తే వస్తాయాండీ మరి?" అన్నాడు మా ఆయన, నిజంగా అడిగినట్టే.

"నీళ్ళొస్తే వస్తాయి" అని డాక్టరు గ్లౌజులు తొడుక్కుంటూ కారెక్కి కిందికి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే ఫోను మోగింది. నేను బంగాళదుంపల తొక్క తీస్తున్నాను. మా ఆయన నిటారుగా నిలబడి విన్నాడు. ఫోనులో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ నిలబడేవాడు, అవతల కూతురి మొగుడే అయినా సరే.

"సార్... చిన్న మాట. ఆ చివర గులకరాళ్ళలో ఏదో పిట్ట గుడ్లు పెట్టిందట సార్. మా ఇంటిది చూసిందట."

అవతల ఏదో అన్నారు. మా ఆయన తలూపాడు, అవతలివాళ్ళకి కనిపిస్తున్నట్టు. తరవాత ఊపిరి పీల్చుకుని పళ్ళాలు కదిలేలా తిరిగి చెప్పాడు.

"పై రిజర్వాయరు. అలుగు మీద రెండు పలకలు. ఆదివారం సాయంత్రం దాకా. పక్షుల సంఘం వాళ్ళు అడిగారు. ఇంజనీరు గారి ఆర్డరు."

"అవును" వినిపించినట్టుంది. ఫోను పెట్టేశాడు.

"గుడ్ల గురించి ఏమన్నాడు?" అన్నాను.

"పక్షులవాళ్ళే అడిగారు మామయ్యా, పక్షుల సంగతి వాళ్ళకంటే మనకెక్కువ తెలుసా అన్నాడు."

నేను మళ్ళీ దుంపలు అందుకున్నాను. సబబుగానే ఉంది కదా! పళ్ళ డాక్టరు పన్ను పీకమంటే పన్నుకి ఏది మంచిదో నేను చెప్తానా? ఉన్నిటోపీ పిల్ల డాక్టరుకి చెప్పకుండా దాచిందన్న మాట నాకు గుర్తే ఉంది. కానీ జనం ఎగబడతారని దాచింది, ముంచుతాడని కాదు కదా. నీళ్ళు అడిగినవాడు ఒక్కసారి అవతలి ఒడ్డుదాకా నడిచి చూసి అడిగుంటాడనుకున్నాం. నడవలేదు. బురద అంటుతుందని నడవలేదు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. ఆ రోజు అతని బూట్లు నేను చూశాను. తళతళలాడుతున్నాయి.

రెండు పలకలంటే అలుగు దగ్గర జానెడు నీళ్ళు పెరుగుతాయి. కానీ ఆ చివర నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది. అక్కడ జానెడు నీళ్ళు ఎంతెంతో దూరం పాకుతాయి.

ఆదివారం వచ్చింది. బస్సులు, కార్లు, రంగురంగుల కోట్లు, మెడల్లో దుర్భిణీలు. పక్షులు బెదురుతాయని అందరూ గుసగుసగా మాట్లాడుకున్నారు. అంతమంది గుసగుసలాడితే సంతలా వినిపిస్తుందని వాళ్ళకి తోచలేదు. మా అల్లుడు ఇస్త్రీ చొక్కాలో తన పై అధికారి పెద్ద ఇంజనీరు వెనకాలే తిరుగుతున్నాడు. మా అమ్మాయి టీ పొయ్యడానికి నాకు సాయం వచ్చింది.

నీళ్ళు నిజంగానే చెక్కగది ముందుకొచ్చాయి. నీళ్ళతో పాటు బాతులూ వచ్చాయి. పెద్ద ఇంజనీరు సందులోంచి చూసి "ఆహా" అన్నాడు. పేపరువాడు ఫొటోలు తీశాడు. డాక్టరు ఆ బాతుల్ని తనే కన్నట్టు నిలబడ్డాడు.

"చూశారా, ఈసారి ఎంత దగ్గరికొచ్చాయో!" అని అందరికీ చెప్పుకుంటున్నాడు.

అప్పుడు ఒడ్డు వెంట పరిగెత్తుకుంటూ వచ్చింది ఉన్నిటోపీ పిల్ల. టోపీ చేతిలో ఉంది. మోకాళ్ళదాకా తడిసిపోయింది. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"మునిగిపోయాయి. పట్టీపిట్ట గుడ్లు. నీళ్ళ కింద కనిపిస్తున్నాయి" అంది.

అందరూ అటు తిరిగారు. అవతలి చివర ఆ పిట్ట నీళ్ళ మీదే గిరికీలు కొడుతోంది. దిగబోతుంది, నేల లేదు, మళ్ళీ లేస్తుంది. అరుపు సన్నగా, ఒకే మాట పదేపదే అడుగుతున్నట్టు. గుసగుసలన్నీ ఆగిపోయాయి. పేపరువాడు కెమెరా అటు తిప్పాడు.

ఆ కెమెరా తిరగడం డాక్టరు చూశాడు. ఆ తరవాత అతనన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఎవడయ్యా ఈ నీళ్ళు పెంచింది?" అన్నాడు.

వినండి, అడిగినవాడే అన్నాడు! గొంతు వణకలేదు. కోపంతో ముఖం ఎర్రబడింది కూడా. అంత చక్కగా కోపం తెచ్చుకోవడం ఏ బళ్ళో నేర్పుతారో!

పెద్ద ఇంజనీరు మా ఆయన్ని పిలిచాడు. మా ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"పలకలు పెట్టింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఎవరు పెట్టమన్నారు?"

 ఊరందరికీ వినపడే గొంతున్న మనిషి, ఒక్క ముక్క మాట్లాడలేదు. అల్లుడి వైపు చూడను కూడా లేదు. చూస్తే చెప్పినట్టవుతుందని. అల్లుడు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు, అప్పుడే కొన్నట్టు. నాకు కోపం ఎవరి మీద ముందు రావాలో తెలియలేదు. కూతురి కాపురం కోసం తన మెడ వంచిన ఈయన మీదా, వంచిన మెడ చూసి కూడా నోరు తెరవని అల్లుడి మీదా?

"అడుగుతుంటే నిన్నే!" అన్నాడు పెద్ద ఇంజనీరు. "ఎవరూ చెప్పలేదా? నీ ఇష్టమొచ్చినట్టు పెట్టావా? అయితే రేపు హ్యాండిలు ఆఫీసులో ఇచ్చెయ్. ఇంకొకర్ని చూసుకుంటాం."

హ్యాండిలు. తలుపు వెనక మేకు నా కళ్ళ ముందు ఖాళీగా కనిపించింది.

నేను నోరు తెరిచాను. కానీ నాకంటే ముందు మా అమ్మాయి టీ కెటిలు కింద పెట్టింది. మెల్లగానే పెట్టింది, చప్పుడు కూడా కాలేదు. కొంగుకి చేతులు తుడుచుకుంది.

"నాన్నా, ఆర్డరు తిరిగి చెప్పు" అంది.

"నువ్వూరుకో."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. ఆ రోజు ఫోను మా క్వార్టర్లోంచే చేశారు, నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. నీ గొంతు ఫోనులోంచి గదంతా వినిపించింది."

అని అలాగే చెప్పింది. గొంతు పెంచలేదు. కానీ మాటలు మాత్రం అవే, ఆయన ఆగే చోటే ఆగుతూ. "పై రిజర్వాయరు. అలుగు మీద రెండు పలకలు. ఆదివారం సాయంత్రం దాకా. పక్షుల సంఘం వాళ్ళు అడిగారు. ఇంజనీరు గారి ఆర్డరు."

చెప్పి మొగుడి వైపు తిరిగింది. ఊరికే నిలబడింది. పద్ధతి ప్రకారం తరవాతి మాట అతనిది.

గాలి వీస్తోంది. ఆ పిట్ట అరుస్తూనే ఉంది.

"అవును" అన్నాడు మా అల్లుడు.

ఇప్పుడు అసలు చోద్యం చూడండి. ఆ మాటతో పెద్ద ఇంజనీరు ముఖంలో కోపం దీపం ఆర్పినట్టు పోయింది. "ఓహో... అలాగా" అన్నాడు. డాక్టరు దగ్గాడు. "నేను ఆర్డరేం ఇవ్వలేదండీ. ఏదో సలహా చెప్పాను" అన్నాడు. "సరేలెండి, పొరపాట్లు జరుగుతుంటాయి. టీ చల్లారిపోతోంది" అన్నాడు పెద్దాయన.

అప్పటిదాకా మా ఆయన చేసినదైతే ఇల్లు ఖాళీ చేయించేంత నేరం. అదే పని అల్లుడు చేయించాడంటే పొరపాటు. డాక్టరు అడిగాడంటే సలహా. అవే గుడ్లు, అవే నీళ్ళు! నేను చదువుకోలేదు. మనిషిని బట్టి తప్పు పేరు మారే లెక్క చదువుకున్నవాళ్ళే చెప్పాలి.

"టీ అయిపోయింది" అన్నాను నేను. కెటిలు నిండా ఉంది.

అందరూ వెళ్ళాక పలకలు తియ్యాలి. తడిసిన పలకని ఒక్కరు లాగలేరు. మా ఆయన అలుగు మీదికి దిగాడు. అల్లుడు ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి వెనకే దిగాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగారు.  ఉన్నిటోపీ పిల్ల కట్ట మీద కూర్చుని నీళ్ళు తగ్గేదాకా చూస్తూ ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నేను ప్రెసిడెంటుగారికి చెప్పి ఉంటే..." అంది.

"చెప్పి ఉంటే బస్సు వేయించేవాడు, నువ్వే అన్నావుగా. చూసి చంపేవాడు, ఇప్పుడు చూడకుండా చంపాడు. నీ మీద వేసుకోకు. వేసుకోవలసినవాళ్ళు కార్లెక్కి వెళ్ళారు."

ఆ పిట్ట మళ్ళీ పెట్టింది గుడ్లు, కాస్త ఎగువన. అది విని డాక్టరు "ప్రకృతి తనని తనే సరిచేసుకుంటుంది" అన్నాడట. పెట్టక ఏం చేస్తుంది? దానికి తెలిసింది అదొక్కటే. మళ్ళీ పెడుతుంది కదా అనే కదా వీళ్ళు మళ్ళీ ముంచేది!

మా ఇంట్లో మాత్రం ఏదీ తనంతట తను సరికాలేదు. మా ఆయన కూతురితో మాట్లాడడం మానేశాడు. "నలుగురిలో మొగుడి పరువు తీసింది" అన్నాడు. చుట్టాలు ఫోను చేసి మరీ అదే మాట అన్నారు. ఇల్లు నిలబెట్టిన పిల్లని ఇల్లు కూల్చినట్టు మాట్లాడారు. మొగుడి పరువు పెళ్ళాం చేతిలో పెట్టారు సరే, తండ్రి పరువు ఎవరి చేతిలో పెట్టారు? ఈ మాట అడిగితే అందరికీ ఫోనులో మాట సరిగ్గా వినపడేది కాదు.

అమ్మాయికి నేనే ఫోను చేసేదాన్ని.

"ఏమన్నా అంటున్నాడా?"

"ఏమీ అనడం లేదమ్మా. అన్నం తింటాడు, ఆఫీసుకెళ్తాడు. తిడితే బాగుండు."

"ఇక్కడా అంతే. మైకు మూగబోయింది."

ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. మా ఆయన నిలబడే వినేవాడు, తిరిగి చెప్పేవాడు, కానీ పళ్ళాలు కదిలేవి కావు. ఫోను పెట్టేశాక "మన అబ్బాయే" అన్న మాట కూడా లేదు.

కొండ మీద గడ్డి పచ్చబడ్డాక, పట్టీపిట్ట పిల్లలు దూదిముక్కల్లా ఒడ్డున పరుగులు తీస్తున్న ఒక ఉదయం ఫోను మోగింది. మా ఆయన తీశాడు. విన్నాడు. ఎప్పటిలా తిరిగి చెప్పలేదు.

"ఎవరడిగారు?" అన్నాడు.

ఆ పద్ధతి పుట్టిన దగ్గర్నుంచీ ఆర్డరు అందుకున్నవాడు ఆ మాట అడిగి ఉండడు.  నేను పొయ్యి తగ్గించి నిలబడ్డాను. అవతల ఏదో అన్నట్టున్నారు. మా ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి.

"ఒడ్డు వెంట నడిచి చూశారా?"

మళ్ళీ ఏదో అన్నారు. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఇక పళ్ళాలు చూడాలి!

"పై రిజర్వాయరు. తూము ఒక చుట్టు తెరవాలి. కింద ఊళ్ళో తాగునీళ్ళు అడుగంటాయి. అడిగింది ఊరివాళ్ళు. ఒడ్డు నడిచి చూసింది ఇంజనీరుగారు. ఆర్డరు మా అల్లుడిది."

"అవును" కోసం నేనూ చెవి ఒగ్గాను. వచ్చిందో లేదో గాని మా ఆయన ఫోను పెట్టలేదు.

"అమ్మాయుందా అక్కడ? ఒకసారి ఇవ్వండి."

గోడకున్న పళ్ళెం ఇంకా సన్నగా మోగుతోంది.

"ఏమే, విన్నావా?" అన్నాడు.

వినకపోవడమా, ఊరంతా విని ఉంటుంది.

"సరిగ్గా చెప్పానా?"

ఆయన ఫోనుని చెవి నుంచి కాస్త దూరంగా పట్టుకున్నాడు, నాకు కూడా వినపడాలని. అవతల నుంచి మా అమ్మాయి గొంతు వచ్చింది.

"అవును నాన్నా."

మా ఆయన తలుపు వెనక నుంచి హ్యాండిలు తీసుకుని బయటికి నడిచాడు.